ఎస్‌ఎల్‌పీ ఒక్క లైనులో డిస్మిస్: హైకోర్టులో రివ్యూ ఆలస్యాన్ని ఎలా వివరించాలి?

స్థలం హద్దు కేసులో హైకోర్టులో సెకండ్ అప్పీల్ ఓడిపోయాం. రాజ్యాంగం ఆర్టికల్ 136 కింద సుప్రీంకోర్టులో అప్పీలుకు అనుమతి కోరే స్పెషల్ లీవ్ పిటిషన్‌కు (ఎస్‌ఎల్‌పీ) 90 రోజుల గడువు కదా, 81వ రోజున వేశాం. ఐదు నెలలకు లిస్ట్ అయింది. అవతలి వాళ్లకు నోటీసు కూడా వెళ్లలేదు, రెండు నిమిషాల్లో ముగిసింది. ఆర్డర్‌లో జోక్యం చేసుకోదలచుకోలేదు, డిస్మిస్ అని తప్ప కారణం ఒక్కటీ లేదు.

హైకోర్టు తీర్పులో మాత్రం సర్వే కొలత ఒకటి తారుమారుగా పడింది. డాక్యుమెంట్ పక్కన పెట్టుకుంటే ఎవరికైనా కనిపించే తప్పే. ఒక లాయర్ "ఢిల్లీలో కొట్టేశాక ఇక ఏమీ లేదు" అన్నారు. నేను కూర్చుని సుప్రీంకోర్టు ఇచ్చిన కున్హయమ్మద్ తీర్పు (2000), ఖోడే డిస్టిలరీస్ తీర్పు (2019) చదివాను. లీవ్ (అప్పీలుకు అనుమతి) ఇవ్వకుండా, కారణాలు చెప్పకుండా కొట్టేస్తే హైకోర్టు తీర్పు సుప్రీంకోర్టు ఆర్డర్‌లో విలీనం కాదనీ, హైకోర్టులోనే రివ్యూ (తీర్పును మళ్లీ చూడమని అడిగే పిటిషన్) వేయొచ్చనీ వాటిలో స్పష్టంగానే ఉంది. ఆ సంగతి చూపిస్తే రెండో లాయర్ ఒప్పుకున్నారు గానీ, రివ్యూకి ఉన్న 30 రోజుల గడువు ఎప్పుడో దాటిందని టెన్షన్ పెట్టారు.

ఎస్‌ఎల్‌పీ పెండింగ్‌లో ఉన్న ఆ ఐదు నెలలను ఆలస్యానికి తగిన కారణంగా హైకోర్టు ఒప్పుకున్న కేసు మీలో ఎవరైనా నడిపారా, పిటిషన్‌లో దాన్ని ఏ సెక్షన్ కింద అడిగారు?