సుమతిలో దొర పద్యం: మిడిమేలపా, మిడిమాలపా?

కొండగాలి (జయపురం)
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉన్న సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల టీమ్ ఒకటి ఈ మధ్యే నా చేతికొచ్చింది. నేనెలా పనిచేస్తాను, వాళ్ల నుంచి ఏం కోరుకుంటాను అన్నది ఒక పేజీలో రాసి ఇద్దామనుకుంటున్నా. చెడు కబురు ముందు చెప్పండి, గడువు రోజుదాకా దాచొద్దు. వారానికో అరగంట ఒక్కొక్కరితో విడిగా కూర్చుంటా, ఆ అరగంటలో ఏం మాట్లాడాలన్నది మీ ఇష్టం. కోడ్ రివ్యూకి పెట్టింది మర్నాటికి మించి పడి ఉండకూడదు. సర్వర్ పడిపోతే ఎవరు చేశారని కాదు, ఎలా జరిగిందని రాసుకుందాం. నాతో ఒప్పుకోకపోతే మీటింగ్‌లోనే అనండి.

దాని తలమీద సుమతీ శతకంలోని దొర పద్యం పెట్టాలని ఉంది. మొదటి పాదం, చివరి రెండు పాదాలూ నోటికి వస్తాయి. రెండోదే తడుముకుంటున్నా. "మిడిమాలపు దొరను గొల్చి యేడ్చుట కంటెన్" అని నా చెవిలో ఉంది. మా తాతయ్య "మిడిమాలపు" అనేవారని గట్టిగా గుర్తు. మీ దగ్గరున్న పాఠాల్లో ఏముంది?

యతిభంగం (బరంపురం)
"యేడ్చుట" కుదరదండీ. కందంలో రెండో పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో యతి, అంటే అక్షరాల పొత్తు, చెల్లాలి. పాదం "మి"తో మొదలైంది, "యే" ఎక్కడ కలుస్తుంది? అక్కడున్నది "మిడుకుట".

అడిగిన జీతం బియ్యని
మిడిమేలపు దొరను గొల్చి మిడుకుట కంటెన్
వడిగల యెద్దుల గట్టుక
మడి దున్నుక బ్రతుకవచ్చు మహిలో సుమతీ

మిడుకుట అంటే లోలోపల కుమలడం. ఏడుపు పైకి వినిపిస్తుంది, మిడుకు వినిపించదు. ఉద్యోగంలో ఉన్నవాడు చేసేది రెండోదే.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
యతి సంగతి సరే. ఆయన అడిగింది "మే" గురించి కదా! ఛందస్సు అక్కడ సాయపడదు. "మిడిమే" అయినా "మిడిమా" అయినా రెండు లఘువులు, ఒక గురువు. సగణమే. ప్రాస "డ" ఎటూ చెడదు. అంటే తాతగారి పాఠాన్ని గణాలు కాదనలేవు. మా ఇంట్లోనూ "మిడిమాలపు" అనే విన్నాను. ఈ పక్క నోళ్లలో ఆ పాఠం వేరుగా నిలిచి ఉంటుందని నా నమ్మకం.

యతిభంగం (బరంపురం)
నోట్లో నలిగినదల్లా పాఠాంతరం కాదు మాస్టారూ. మేలము అన్నది ఉన్న మాట. మేలమాడటం అంటే పరిహాసమాడటం. మిడిమేలము అంటే అవతలివాడి కష్టాన్ని పరాచికంగా తీసుకునే పొగరు అని నా ఊహ. జీతం అడిగితే నవ్వి దాటేసే దొర కళ్లకు కట్టడం లేదా? "మాలపు" అంటే ఏం చెప్తారు?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
బడిపుస్తకాల తాత్పర్యం ఒట్టి "గర్వి" అని తేల్చేస్తుంది. మీ పరాచికం అందులో లేదు. నేను మొదటి సగం పట్టుకుంటాను. మిడిసిపాటులో ఉన్న "మిడి" అది. ఎగిరిపడేవాడు. తర్వాతి ముక్క ఎలా అరిగినా అర్థం మారదు. గిడుగు రామమూర్తి గారు మా ఊరి బడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చి, దానికి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చారు. మనుషుల నోట ఉన్నదే భాష అని పోరాడారు. ఆ ఊళ్లో పుట్టి, నోటి పాఠాన్ని తోసిపారేయమంటే నా వల్ల కాదు.

యతిభంగం (బరంపురం)
గిడుగు వారు నోటిమాట కోసం పోరాడినా, వాదానికి దిగినప్పుడు పాత గ్రంథాల్లోంచి ప్రయోగాలు ఏరి చూపించారు. ఆయన పుస్తకం "గద్యచింతామణి" అంతా అదే కదా. మీరూ ఒక్క ప్రయోగం చూపండి, ఒప్పుకుంటాను.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ)
మీరిద్దరూ "మే" దగ్గర ఆగిపోయిన్రు. అసలు గొడవ "జీతం" దగ్గరుంది. మా దిక్కు జీతముండుడు అంటే ఆసామి దగ్గర ఏడాది లెక్కన పాలేరుగా కుదురుడు. జీతగాడు అంటే ఆఫీసులో పనిచేసేటోడు కాదు. అట్ల చదివితే చివరి రెండు పాదాలు ఎక్కడినుంచి వచ్చినయో తెలుస్తది. పక్కోని ఎడ్లతోని పక్కోని పొలం దున్నేటోడు అదే పనిని తన ఎడ్లతోని తన మడిల చేసుకుంటే చాలు. కొత్త విద్యేం నేర్వనక్కరలేదు. రాజుల కొలువులో ఉన్నోనికి చెప్పినట్టు చదివితే ఈ బిగి పోతది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
బాగుంది! మా వైపు కంబారి అంటారు. కానీ బద్దెన పేరు మీద నడిచే పద్యం కదా. నీతిశాస్త్రముక్తావళి రాసినవాడు పాలేరు కోసం కందం కడతాడా?

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ)
సుమతి బద్దెనదే అని అందరూ ఒప్పుకున్నది ఎప్పుడు? అది పక్కనపెట్టున్రి. పోతన పేరు మీద నడిచే చాటువు చూడున్రి. కావ్యకన్యను "గూళలకిచ్చి యప్పడుపు కూడు భుజించుట కంటె సత్కవుల్ హాలికులైన నేమి" అన్నడు. గూళలంటే నీచులు, హాలికుడంటే నాగలి దున్నేటోడు. ఇక్కడా "కంటె", అక్కడా "కంటె". ఇక్కడా నాగలి, అక్కడా నాగలి. చెడ్డ దొర ఎదురైతే తెలుగోని చూపు మడి దిక్కే పోతది. పోతన ఊరు బమ్మెర మట్టిల పుట్టిన మాట అది.

యతిభంగం (బరంపురం)
పోతన మావాడే అనే ఒంటిమిట్ట వాళ్లు వింటే ఊరుకోరు. అయినా ఈ వరసలో నాకు ప్రాణం శ్రీకాళహస్తీశ్వర శతకం రాసిన ధూర్జటి. "రాజుల్ మత్తులు వారి సేవ నరకప్రాయంబు" అన్నవాడు, వాళ్లిచ్చే పల్లకీలూ గుర్రాలూ నగలూ అన్నీ "ఆత్మవ్యధా బీజంబుల్" అనేశాడు. సుమతిలోది జీతం ఇవ్వని దొర గోడు. ధూర్జటిది అడిగినదానికి మించి ఇచ్చిన దొర గోడు. రెండోదే లోతు. నల్లేరు మీద బండిలా సాగే శార్దూలం అది, ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు.

కొండగాలి (జయపురం)
దొరలంటే ఇలాంటివాళ్లే అనుకోవద్దు. మా జయపురం మహారాజు విక్రమదేవవర్మ గారు ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు, తెలుగులోనూ ఒడియాలోనూ కవిత్వం చెప్పారు.

నా సంగతికొస్తే, జీతాలు పెంచడం నా ఒక్కడి చేతిలో లేదు. ఎప్పుడు పెంచుతారు, పై మెట్టుకి ఏం చూస్తారు, మీరెక్కడున్నారు అన్నవి మాత్రం అడిగిన రోజే ఉన్నదున్నట్టు చెప్పగలను. తెలియకపోతే తెలియదనగలను. పద్యంలోని "ఇయ్యని"ని నేను అలా తీసుకుంటున్నా.

మరువం (రాయగడ)
ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నా, ఒక్కటి చెప్పాలి. తమ్ముడూ, ఈ పద్యం తప్పెన్నేది దొరని. కొలిచేవాడికి ఏ నియమమూ పెట్టలేదు, వెళ్లిపోవచ్చని దారి చూపించింది. నువ్వేమో టీమ్ ఏం చేయాలన్న జాబితా మీద దాన్ని పెడతానంటున్నావు. పేజీని రెండు చెయ్యి. నేను మీకు బాకీపడినవి అని ముందు రాసి, పద్యాన్ని ఆ సగం మీద పెట్టు. నేనూ ఒక కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగం నడిపాను. షిఫ్టు దిగేవాడు లాగ్‌బుక్‌లో "వాల్వు అనుమానంగా ఉంది" అని రాసినందుకు వాడిని ఒక్కసారి కసిరితే చాలు, తర్వాత ఎవడూ అనుమానం రాయడు. చెడు కబురు ముందు చెప్పమని నువ్వు రాసిన వాక్యం నిలిచేది, మొదటి చెడు కబురు వచ్చిన పూట నీ ముఖం ఎలా ఉందన్నదాని మీదే.

కొండగాలి (జయపురం)
అక్కా, అలాగే మారుస్తాను. "ఒప్పుకోకపోతే మీటింగ్‌లోనే అనండి" అన్నది కూడా నా సగంలోకే తెస్తా. వినడం నా పని కదా.

యతిభంగం (బరంపురం)
పద్యం పెట్టేటప్పుడు "మిడిమేలపు" అనే పెట్టండి, దయచేసి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
"మిడిమాలపు" అని పెట్టినా పద్యం చెడదు. తాతగారి పాఠం. ఇంకోటి, నాలుగో పాదంలో "దున్నుక" తర్వాత "బ్ర" అనే సంయుక్తం వచ్చినా, దాని ముందున్న "క" గురువు కాకుండా లఘువుగానే నిలిచింది చూశారా? మా వాళ్లు "బతుకవచ్చు" అనే అంటారు.

యతిభంగం (బరంపురం)
అది వేరే పదం మొదటి సంయుక్తం కాబట్టి నిలిచింది. "బతుకు" దాకా వస్తే దానికి విడిగా చర్చ పెట్టండి, వస్తాను.