తిరుపతిలో ఉప్పునీటి రీఫ్ ట్యాంకు: కల్లుప్పుతో అవుతుందా?

ప్రశ్న: సముద్రపు చేపలు, పగడాలు పెంచే 100 లీటర్ల రీఫ్ ట్యాంకు పెడదామనుకుంటున్నా అన్నలూ. ఇంట్లో తాగే ఆర్వో నీళ్లు, కల్లుప్పు చాలవా? చేపలు ఎప్పుడు వెయ్యొచ్చు?

జవాబు 1: కల్లుప్పు అస్సలొద్దు. కాల్షియం, మెగ్నీషియం సముద్రంలో ఉండే పాళ్లలో ఉండవు. రీఫ్ సాల్ట్ (ఇలాంటి ట్యాంకుల కోసం అమ్మే ఉప్పు) లీటరుకు 35–38 గ్రాములు కలిపి, రిఫ్రాక్టోమీటర్‌లో (ఉప్పదనం కొలిచే పరికరం) సాంద్రత 1.025 చూసుకోండి. ఇంటి ఆర్వోలో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) కొంత మిగిలే ఉంటుంది. చివర డీఐ రెజిన్ (ఆ మిగిలిన లవణాల్ని పట్టేసే ఫిల్టర్) పెట్టి సున్నాకి దించండి, లేదంటే నాచుతో వేగలేరు.

జవాబు 2: మన ఊరి మే నెల ఎండే అసలు గండం. ట్యాంకు నీళ్లు 25–26 డిగ్రీలు ఉండాలి. ఫ్యాను రెండు మూడు డిగ్రీలు దించుతుంది గానీ నీళ్లు ఆవిరై ఉప్పు చిక్కబడుతుంది. తగ్గినంతా ఉప్పు కలపని ఆర్వో నీళ్లే పొయ్యండి. ఏసీ లేని గదైతే చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) తప్పదు.

జవాబు 3: కొత్త ట్యాంకులో పుట్టే అమ్మోనియా, నైట్రైట్ చేపలకు విషం. టెస్టులో రెండూ పెరిగి, మళ్లీ సున్నా చూపేదాకా చేప వద్దు. నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. అన్నట్టు, రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో (గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితా) ఉన్నాయి. ఎవరు అమ్మజూపినా కొనకండి.