ఒంగోలు 1967, భద్రాచలం 1969: ఇవి గుంపుగా వచ్చిన భూకంపాలేనా?

విజయవాడ, గుంటూరు చుట్టూ 300 కిలోమీటర్ల లోపు వచ్చిన పాత భూకంపాలతో పట్టిక కడుతున్నాం. ఒక దగ్గర చిక్కుపడింది, తెలిసినవారు సాయం చేయండి.

1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో, 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపాలు వచ్చాయి. ఈ రెండు వరుసలూ పక్కపక్కనే పడేసరికి గుంపులాగే కనిపిస్తుంది. కానీ అనుప్రకంపనలను (పెద్ద భూకంపం వెంట వచ్చే చిన్నవాటిని) దూరం, రోజులను బట్టి వేరుచేసే గార్డనర్–నోపాఫ్ లెక్కలో 5.5 తీవ్రతకు వాటి హద్దు 47 కిలోమీటర్లు, 290 రోజులు. వీటి మధ్య దూరమే దాదాపు 250 కిలోమీటర్లు, వ్యవధి రెండేళ్ల పైమాటే. అంటే ఒకదానికి ఇంకొకటి అనుప్రకంపన కాదు. పైగా 1960ల్లో భూకంపాలను నమోదు చేసే సీస్మోగ్రాఫ్ కేంద్రాలు పెరిగాయి. నమోదు పెరిగితే భూకంపాలే పెరిగినట్టు భ్రమ కలుగుతుంది. మా అనుమానమల్లా దీనిమీదే.

భూకంపానికీ భూకంపానికీ మధ్య వ్యవధుల ప్రామాణిక విచలనాన్ని (సగటు నుంచి అవి ఎంత చెదిరాయో చెప్పే అంకెను) వాటి సగటుతో భాగిస్తే వచ్చేది 1 దగ్గరుంటే యాదృచ్ఛికం, బాగా మించితే గుంపు. అయితే తీవ్రత 5 దాటినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉన్నప్పుడు ఆ అంకెను నమ్మొచ్చా? తీవ్రత 4 నుంచీ లెక్కలోకి తీసుకుంటే పాత దశాబ్దాల్లో ఖాళీలు వస్తున్నాయి.

ఈ ప్రాంతానికి 4, 4.5, 5 తీవ్రతల జాబితా ఏ ఏడాది నుంచి పూర్తిగా ఉందని మీరు తీసుకుంటారు? 1967 నాటి గుంటూరు జిల్లా పత్రికల్లో గోడల పగుళ్ల వార్తలు ఎవరిదగ్గరైనా ఉంటే ఊరి పేరు, తేదీతో పంపండి.