మొండి యాడ్‌వేర్: వెతికి పీకేయాలా, విండోస్ మొత్తం మళ్లీ వేయాలా?

అలసిన మౌస్
ఇంట్లో అందరం వాడే కంప్యూటర్. విండోస్ 11, బ్రౌజర్ క్రోమ్. ఒక ఫ్రీ వీడియో కన్వర్టర్ వేసినప్పటి నుంచి మొదలైంది గోల. హోమ్‌పేజీ మారిపోయింది. ఏం వెతికినా ముక్కూమొహం తెలియని సెర్చ్ సైట్‌కు పోతోంది. పని మధ్యలో ట్యాబ్‌లు వాటంతటవే తెరుచుకుంటున్నాయి. కన్వర్టర్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేశాను. ఇలాంటివి వెతికి తీసే టూల్స్ యాడ్‌క్లీనర్, మాల్‌వేర్‌బైట్స్ రెండూ నడిపాను. దొరికినవాటిని క్వారంటైన్ చేశాయి, అంటే నడవకుండా విడిగా బంధించాయి. కాసేపు బాగుంటుంది, తర్వాత మళ్లీ మొదటికే. ఎక్స్‌టెన్షన్ల (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములు) పేజీలో నేను పెట్టనిది ఒకటి ఉంది, దాన్ని తీసేసే బటన్ పనిచేయడం లేదు. తెలిసినవాళ్లలో కొందరు ఫార్మాట్ కొట్టేయమంటున్నారు, కొందరు యాడ్‌వేర్‌కు (బలవంతంగా ప్రకటనలు చూపే ప్రోగ్రాం) అంత అవసరమా అంటున్నారు. మీరేమంటారు?

ఫార్మాట్ రాజు
రెండు టూల్స్ నడిపినా తిరిగొచ్చిందంటే ఇక ఆలోచించేదేముంది? ఫొటోలు, డాక్యుమెంట్లు ఒక డిస్కులోకి తీసుకోండి, యూఎస్‌బీతో విండోస్ కొత్తగా వేయండి. మధ్యాహ్నం మొదలుపెడితే సాయంత్రానికి అయిపోతుంది. విండోస్ లైసెన్స్ ఆ మెషీన్‌కే ముడిపడి ఉంటుంది కాబట్టి మామూలుగా దానంతటదే యాక్టివేట్ అవుతుంది. వెతుకుతూ కూర్చుంటే వారం పోతుంది, చివరికి పూర్తిగా పోయిందన్న నమ్మకం మాత్రం రాదు.

తీగలాగేవాడు
రాజు గారూ, ఆ ఎక్స్‌టెన్షన్ మాట చదివారా? తీసేసే బటన్ పనిచేయడం లేదంటే దాన్ని పాలసీ ద్వారా పెట్టారని అర్థం. ఆఫీసుల్లో ఉద్యోగుల బ్రౌజర్లను ఒకేచోటి నుంచి నడిపించడానికి క్రోమ్‌లో ఉన్న ఏర్పాటు అది. విండోస్ తన సెట్టింగ్‌లు దాచుకునే రిజిస్ట్రీలో 'పాలసీస్' కింద ఒక వరుస రాస్తే చాలు, ఎక్స్‌టెన్షన్ బలవంతంగా కూర్చుంటుంది, వాడేవాళ్లు తీయలేరు. యాడ్‌వేర్ వాళ్లు ఇదే దారి పట్టారు.

మౌస్ గారూ, క్రోమ్ మెనూ అడుగున 'మీ సంస్థ నిర్వహిస్తోంది' అన్న అర్థంలో ఒక వరుస కనబడుతోందా? ఇంటి కంప్యూటర్‌లో అది ఉండాల్సిన పని లేదు. కొన్ని యాంటీవైరస్‌లు కూడా పాలసీలు రాస్తాయి, కనుక చూడగానే కంగారు పడొద్దు. పాలసీల పేజీ (అడ్రస్ బార్‌లో chrome://policy) తెరిచి ఏ ఎక్స్‌టెన్షన్ ఐడీ ఉందో చూడండి. (ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే దాని జోలికి పోకండి, అది ఐటీ వాళ్ల సొత్తు.)

ఇక తిరిగి రావడం సంగతి. క్లీనర్ ఫైల్‌ను తీసేస్తుంది. ఆ ఫైల్‌ను మళ్లీ దింపే ఏర్పాటు ఇంకెక్కడో ఉంటుంది, ఎక్కువగా పనులను వేళకు వాటంతటవే నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో. పేరు చూస్తే ఏదో అప్‌డేటర్ అనిపిస్తుంది. 'యాక్షన్స్' ట్యాబ్ తెరిస్తే పవర్‌షెల్‌తో (విండోస్‌లో ఆదేశాలు నడిపే ప్రోగ్రాం) ఏదో స్క్రిప్ట్ నడుపుతూ దొరుకుతుంది. అదొక్కటి పోతే మిగతావి లేవవు. డెస్క్‌టాప్‌పై క్రోమ్ షార్ట్‌కట్ ప్రాపర్టీస్ కూడా చూడండి, 'టార్గెట్' చివర ఏదైనా సైట్ అడ్రస్ తగిలించి ఉంటే చెరిపేయండి.

ఇవన్నీ ఒకేచోట చూడాలంటే మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆటోరన్స్ అనే టూల్ ఉంది, ఉచితం. మైక్రోసాఫ్ట్ ఎంట్రీలను దాచమని పెడితే జాబితా తగ్గుతుంది. అనుమానం వచ్చినదాన్ని డిలీట్ చేయకండి, టిక్ మాత్రం తీయండి. తేడా వస్తే తిరిగి పెట్టుకోవచ్చు.

కొత్తగా చేరా
మధ్యే మార్గం ఉంది కదా, విండోస్‌లోనే 'రీసెట్ దిస్ పీసీ'. ఫైల్స్ ఉంచి ప్రోగ్రాములు మాత్రం తీసేస్తుంది. ఎవరూ చెప్పడం లేదేంటి?

తీగలాగేవాడు
చాలా కేసుల్లో చాలు. కానీ రీసెట్ అయ్యాక క్రోమ్‌లో సైన్ ఇన్ అవుతారు, సింక్ నడుస్తుంది, అంటే అకౌంట్‌లో దాచినవి మళ్లీ బ్రౌజర్‌లోకి వస్తాయి. చెడ్డ ఎక్స్‌టెన్షన్ గానీ మారిన సెట్టింగ్ గానీ అకౌంట్‌లోకి చేరి ఉంటే అక్కడి నుంచి మళ్లీ దిగొచ్చే వీలుంది. రాజు గారి ఫార్మాట్‌కూ ఇదే గతి. డిస్కు తళతళలాడుతుంది, దొంగ మాత్రం క్లౌడ్‌లోంచి దిగుతాడు. ముందు ఎక్స్‌టెన్షన్ తీసి, సింక్ డేటా చెరిపి, ఆ తర్వాతే ఏదైనా.

నిద్రపోని రౌటర్
ఇంకో చోటు మరిచారు. 2011 నవంబర్‌లో ఎఫ్‌బీఐ పట్టుకున్న డీఎన్‌ఎస్ ఛేంజర్ ముఠా గుర్తుందా? వంద దేశాల్లో 40 లక్షలకు పైగా కంప్యూటర్ల డీఎన్‌ఎస్‌ను (సైట్ పేరు చెబితే దాని చిరునామా ఇచ్చే సర్వర్ సెట్టింగ్) తమ సర్వర్లకు మార్చి, మనం అడిగిన సైట్ల బదులు వాళ్లకు డబ్బులొచ్చే సైట్లకు పంపేవాళ్లు, పేజీల్లో ప్రకటనలు మార్చేసేవాళ్లు. కొన్నిచోట్ల ఇంటి రౌటర్‌లోనూ సెట్టింగ్ మార్చారు. అరెస్టుల తర్వాత కూడా ఆ సర్వర్ల స్థానంలో మంచివి పెట్టి 2012 జూలై 9 దాకా నడపాల్సి వచ్చింది. ఒక్కసారిగా ఆపితే లక్షల మందికి ఇంటర్నెట్ పోయేది.

కాబట్టి ఒకే వైఫైలో ఫోన్‌లోనూ సెర్చ్ ఇలాగే దారి తప్పుతుంటే పీసీని వదిలేసి రౌటర్ చూడండి. ఫోన్ బాగుంటే రౌటర్‌ను వదిలేయండి.

అలసిన మౌస్
ఫోన్లు బాగానే ఉన్నాయి. పీసీలో మాత్రం 'మీ సంస్థ నిర్వహిస్తోంది' ఉంది! మా ఇంట్లో సంస్థ ఎక్కడిదండీ బాబూ.

ఫార్మాట్ రాజు
తీగ గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే, కాదనను. నా అభ్యంతరం వేరు. యాడ్‌వేర్ అనగానే 'ప్రకటనలే కదా' అని తేలిగ్గా తీసుకుంటారు. 2018లో బిట్‌డిఫెండర్ వాళ్లు బయటపెట్టిన జాసిన్లో సంగతి చూడండి. ఉచిత వీపీఎన్ ముసుగులో వచ్చేది, లోపల తనను తాను దాచుకునే రూట్‌కిట్ డ్రైవర్. కనబడని విండోల్లో ప్రకటనలు తెరిచి తనే క్లిక్ చేసుకునేది. స్క్రీన్ ఫొటోలు తీసేది. తమాషా ఏంటంటే పోటీ యాడ్‌వేర్‌ను వెతికి తీసేసేది కూడా! అలాంటిది విండోస్ లోలోపలి భాగమైన కెర్నల్ దాకా పోయాక విండోస్ నడుస్తుండగా మీ ఆటోరన్స్‌కు అది చూపించిందే కనబడుతుంది.

తీగలాగేవాడు
అందుకే విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ ఉంది కదా. రీస్టార్ట్ చేసి, మామూలు విండోస్ లేవకముందే వెతుకుతుంది, పావుగంట పని. అసలు అడగాల్సింది పేరు యాడ్‌వేరా వైరసా అని కాదు, దాని చేతికి ఏ అధికారం చిక్కింది అని. బ్రౌజర్ నోటిఫికేషన్‌కు 'అలౌ' నొక్కినందుకు మూలన ప్రకటనలు వస్తున్నవాళ్లు కూడా ఫార్మాట్ కొట్టేస్తున్నారు, ఒక సైట్ పర్మిషన్ తీసేస్తే పోయేదానికి. అలాగని విండోస్‌లో దాదాపు అన్నిటికీ అధికారమున్న సిస్టమ్ అకౌంట్ హక్కులతో ఎక్కడినుంచో కోడ్ దింపుకుని నడిపినదాన్ని టాస్క్ తీసేసి 'శుభ్రం' అంటే నేనూ ఒప్పుకోను.

కొత్తగా చేరా
కంపెనీ ఇచ్చిన రికవరీతో ఫ్యాక్టరీ స్థితికి తెచ్చినా కొత్తగా వేసినట్టే కదా?

నిద్రపోని రౌటర్
కాదు. కంపెనీ ముందే నింపినవన్నీ దాంతోపాటే తిరిగొస్తాయి. లెనోవో 2014లో కొన్ని ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల ప్రోగ్రాం పెట్టి అమ్మింది. అది తన సొంత రూట్ సర్టిఫికెట్ (ఏ సైట్లను నమ్మాలో కంప్యూటర్‌కు చెప్పేది) వేసుకుని భద్రమైన హెచ్‌టీటీపీఎస్ పేజీల్లోనూ దూరేది. ఆ సర్టిఫికెట్‌కు రహస్య తాళంచెవి లాంటి ప్రైవేట్ కీ అన్ని మెషీన్లలో ఒకటే! 2015 ఫిబ్రవరిలో గొడవ బయటపడింది. ప్రోగ్రాం తీసేసినా సర్టిఫికెట్ ఉండిపోవడంతో, రెండింటినీ తీసే టూల్ ఇవ్వాల్సి వచ్చింది. విండోస్ వేస్తే మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఇన్‌స్టాల్ ఫైల్ (ఇమేజ్)తోనే వేయాలి.

అలసిన మౌస్
చూశాను. పాలసీల్లో ఒక ఎక్స్‌టెన్షన్ ఐడీ ఉంది, అది నేను తీయలేకపోయినదే. టాస్క్ షెడ్యూలర్‌లో అప్‌డేటర్ లాంటి పేరుతో ఒకటి దొరికింది. పవర్‌షెల్ నడుపుతోంది, ఏదో సైట్ నుంచి తెస్తోంది. 'ఏ అకౌంట్‌తో నడవాలి' అన్నచోట సిస్టమ్ అని ఉంది. రెండూ తీసేశాక ఎక్స్‌టెన్షన్ కూడా తీయగలిగాను. ఆఫ్‌లైన్ స్కాన్‌లో ఏమీ దొరకలేదు. ప్రస్తుతానికి ట్యాబ్‌లు తెరుచుకోవడం లేదు. అయిపోయినట్టేనా?

ఫార్మాట్ రాజు
ఆ టాస్క్ ఇన్నాళ్లలో ఏమేం దింపిందో చెప్పగలరా?

తీగలాగేవాడు
సిస్టమ్ అకౌంట్, పైగా బయటి సైట్ నుంచి వచ్చే స్క్రిప్ట్. ఈ కేసులో రాజు గారి మాటే నాది. ఈరోజు ప్రకటనలు దింపిన సర్వర్ రేపు ఇంకేదైనా దింపగలదు. ఇప్పటికే దింపిందేమో స్కాన్ ఖాళీగా వచ్చినంత మాత్రాన తేలదు. ఆ పీసీలో బ్యాంకు పనులు చేస్తుంటే మళ్లీ వేయడమే మేలు.

నిద్రపోని రౌటర్
నాకు మాత్రం ఇది అతి అనిపిస్తోంది. డిఫెండర్‌లో అక్కర్లేని యాప్‌లను ఆపే సెట్టింగ్ ఆన్ చేసి, రోజువారీ వాడకానికి అడ్మిన్ కాని అకౌంట్ పెట్టి, కొన్నాళ్లు గమనించవచ్చు. అందరికీ మళ్లీ వేసే ఓపిక ఉండదు. ఎన్ని ప్రోగ్రాములు, ఎన్ని సెట్టింగ్‌లు!

ఫార్మాట్ రాజు
గమనిస్తే కనబడేది ప్రకటనలే కదా రౌటర్ గారూ. పాస్‌వర్డ్‌లు పోతుంటే ఏ ట్యాబూ తెరుచుకోదు.

అలసిన మౌస్
బ్యాంకు పని అందులోనే చేస్తాం. అయితే ఈ శనివారం వేసేస్తాను. ఏది ముందు, ఏది వెనక చెప్పండి.

ఫార్మాట్ రాజు
వేరే కంప్యూటర్‌లో యూఎస్‌బీ తయారు చేసుకోండి, కనీసం 8 జీబీది. మీ పీసీలో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి, ఇది మరిచి ఏడ్చినవాళ్లు చాలామంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విండోస్ ఉన్న డిస్కులోని పాత పార్టిషన్లు (భాగాలు) తీసేయండి, బ్యాకప్ డిస్కు మాత్రం అప్పటికి పీకేసి ఉండాలి. సింక్ సంగతి తీగ గారు చెప్పినట్టే. పాస్‌వర్డ్‌లు మాత్రం శనివారం దాకా ఆగొద్దు, ఈరోజే ఫోన్‌లోంచి మార్చండి, ఈమెయిల్‌ది మొదట. అన్ని డివైస్‌ల నుంచి సైన్ అవుట్ కూడా చేయించండి. బ్యాకప్‌లోకి ఫొటోలు, డాక్యుమెంట్లే తీసుకోండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మొత్తంగా కాపీ చేయకండి, ఆ కన్వర్టర్ సెటప్ ఫైల్ ఇంకా అందులోనే ఉండి ఉంటుంది.