టమాటా సాస్: ముంచుకునేదా, నంజుకునేదా, అద్దుకునేదా?

బజ్జీలు, సమోసాల పక్కన పెట్టుకోవడానికి ఇంట్లో కాచుకునే టమాటా సాస్ తయారీని తెలుగులో రాసేటప్పుడు ఆ సాస్‌ను ఏమనాలన్న ప్రశ్నకు కొందరు ఇచ్చిన సూచనలలో ‘ముంచుడు సాస్’, ‘నంజుడు పచ్చడి’, ‘అద్దుడు పచ్చడి’ అన్న మూడూ పరిశీలించదగినవి. మూడింటిలోనూ తేడా అంతా క్రియలోనే ఉన్నది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

ముంచుకునే పదార్థం పలుచగా ఉండాలి, ముంచిన వస్తువు దానిని పీల్చుకోవాలి. ఇడ్లీని సాంబారులో, రస్కును టీలో ముంచుకునేది అవి నానడం కోసమే. కరకరలాడే బజ్జీని నానబెట్టుకొని తినాలని ఎవరూ కోరుకోరు. నంజుకోవడం పరిధి ఇంకా పెద్దది. పప్పన్నంలోకి అప్పడాన్ని, చద్దన్నంలోకి ఉల్లిపాయను నంజుకునేటప్పుడు తడి ప్రసక్తే లేదు. ముద్దకూ ముద్దకూ నడుమ నాలుకకు మరొక రుచి తగిలించడమే అక్కడి పని. పోతన భాగవతం దశమ స్కంధంలో బాలకృష్ణుడు మీగడ పెరుగు కలిపిన చల్దిముద్దను ఎడమచేత ఉంచుకొని, కొసరి తెచ్చుకున్న ఊరగాయలను వేళ్ళ సందులలో ఇరికించుకొని స్నేహితుల నడుమ కూర్చుంటాడు. నంజుకోవడం ఎలా ఉంటుందో చూపడానికి ఆ పద్యాన్ని మించిన ఉదాహరణ నాకు తోచడం లేదు. అయితే ‘నంజుడు’ అన్న నామవాచకానికి నిఘంటువులలో మాంసం అన్న అర్థం స్థిరపడి ఉన్నది కనుక, టమాటా సాస్‌కు ఆ పేరు పెడితే పాత కావ్యాలు చదివినవారు ఉలిక్కిపడతారు.

అద్దుకోవడంలో అంటుకొని నిలవడం ఉన్నది. బట్టమీద అచ్చుతో రంగు వేయడాన్ని అద్దకం అంటాము. అచ్చు తగిలిన మేరకే రంగు పట్టాలి, పక్కలకు పారితే పని చెడినట్లే. నెయ్యి వేసిన కారప్పొడిని ఇడ్లీకి అద్దుకునేటప్పుడూ ఇదే తీరు. బజ్జీ కొసకు అంటుకొని, నోటిదాకా వచ్చేలోపల చొక్కామీద కారకుండా ఉండవలసిన సాస్‌కు సరిపడే క్రియ ఇదేనని నా నిశ్చితాభిప్రాయం.

తయారీలో మెలకువ అంతా ఆ అంటుకునే గుణాన్ని రాబట్టడంలోనే ఉన్నది. కిలో పండు టమాటాలను ఉడికించి, చల్లారాక రుబ్బి, తొక్కలూ గింజలూ నిలిచిపోయేలా జల్లెడలో వడకట్టి, ఆ రసాన్ని వెల్లుల్లి ముద్ద, కారం, ఉప్పు, పంచదారలతో అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్నటి సెగమీద కలుపుతూ కాయాలి. చిక్కబడుతున్నకొద్దీ పైకి చిట్లుతుంది కనుక మూతను ఓరగా పెట్టుకోవడం మంచిది. దింపబోయే ముందు వెనిగర్ పోయాలి. దగ్గరపడినదీ లేనిదీ తెలుసుకోవడానికి ఒక చుక్కను పళ్ళెంలో వేసి కాసేపు ఆగాలి. చుక్క చుట్టూ నీటి అంచు ఏర్పడితే ఇంకా ఇగరవలసి ఉన్నదని అర్థం. ‘దగ్గరపడటం’, ‘ఇగరడం’ అన్న మాటలు వంటింట్లో వాడుకలో ఉండగా కొన్ని వంటల పేజీలలో ‘మందం అయ్యేవరకు’ అని రాయడం నాకు ఎబ్బెట్టుగా తోస్తుంది.

ఇక ‘అద్దుడు’ అన్న పేరు విషయం. మన వంటకాల పేర్లలో క్రియల నుంచి వచ్చినవాటిని గమనిస్తే వేపినది వేపుడు, ఇగిరినది ఇగురు, తొక్కినది తొక్కు, ఊరినది ఊరగాయ అయినాయి. ఇవన్నీ పొయ్యి దగ్గరో, రోటి దగ్గరో, జాడీలోనో జరిగే పనులకు సంబంధించినవి. విస్తరి ముందు కూర్చున్నవారు చేసే పని పేరుగా మారడం అరుదు. అందుచేత ‘అద్దుడు’ వినడానికి అతికినట్లు ఉండదు. ‘పచ్చడి’ అన్నా చిక్కే, ఎందుకంటే ఆ మాట వినగానే తాలింపును, వేడి అన్నాన్ని ఆశిస్తాము. తెలంగాణలో టమాట తొక్కు అంటే వచ్చే చిక్కూ అటువంటిదే.

‘సాస్’ పరభాషా పదమన్న అభ్యంతరాన్ని నేను పట్టించుకోను. టమాటా అన్న మాటే మెక్సికో ప్రాంతపు నాహువాటల్ భాష నుంచి స్పానిష్ మీదుగా లోకమంతా తిరిగినది. కెచప్ సంగతి మరీ విచిత్రం: చైనా ఆగ్నేయ తీరపు హొక్కియెన్ భాషలో చేపలను ఊరబెట్టిన ఉప్పు రసానికి ఉన్న పేరు నుంచి అది వచ్చిందని చెబుతారు, అందులో టమాటా ఊసే లేదు. కాయకు మాత్రం కొన్ని ప్రాంతాలలో రామములగ, రాములక్కాయ అన్న సొంత పేర్లు ఉన్నాయి. వాటిలోని ములగను ములక్కాడతో కాక, వంగ కుటుంబానికే చెందిన నేలములకతో కలిపి చూడాలని నా అభిప్రాయం.

కాబట్టి శీర్షికలో ‘బజ్జీలకు అద్దుకునే టమాటా సాస్’ అని రాయవచ్చు. అదే సాస్‌ను పలుచగా చేసి గిన్నెలో పోసి ఇస్తే అప్పుడు ‘ముంచుకునే’ అన్నా నాకు అభ్యంతరం లేదు.