కీమో జరుగుతున్న ఇంట్లో వేళాకోళాలు: తమ్ముణ్ణి వారించాలా?

ప్రశ్న – బ్రాడీపేట అక్క, గుంటూరు

మా తమ్ముడికి 26 ఏళ్లు. ఒంటిమీద దెబ్బ తగలకుండానే నీలిమచ్చలు రావడం, చిగుళ్ల నుంచి రక్తం కారడం చూసి పరీక్షలు చేయిస్తే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్తక్యాన్సర్ అని తేలింది. కీమోలో మొదటి దశ ముగిసింది. వాడికి ప్రతిదీ వేళాకోళమే. రోజూ రక్తపరీక్ష కాగితం రాగానే, మిర్చి యార్డులో బస్తాల లెక్క గుమాస్తాను అడిగినట్టు, "ఇవాళ ఎన్ని టిక్కీలు దిగాయి?" అని ప్లేట్‌లెట్ల సంగతి అడుగుతాడు. 18 వేలని చెబితే, "సీజన్ కాదులే" అంటాడు. స్టెరాయిడ్ల వల్ల అర్ధరాత్రి రెండింటికి ఆకలేసి, ఇరవయ్యేళ్లుగా ముట్టని ఉప్మాను అడిగి మరీ పెట్టించుకున్నాడు. చూడటానికి వచ్చిన మా మేనత్త మాత్రం, ఇంత జబ్బులో ఈ వెటకారాలేమిటని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అమ్మ వాడి ఎదుట నవ్వి, వంటింట్లోకి వెళ్లి ఏడుస్తోంది. నేను వాడితో కలిసి నవ్వాలా, ఆపమని చెప్పాలా?

జవాబు – సత్యనారాయణపురం నివాసి, విజయవాడ

అమ్మా, అదే జబ్బుకు రెండేళ్లకు పైగా మందులు వాడి బయటపడినవాణ్ణి. నవ్వనివ్వండి. మెయింటెనెన్స్ అనే చివరి, దీర్ఘకాలపు చికిత్స దశలో నాకు రోజూ మెర్కాప్టోప్యూరిన్, వారానికి ఒక్కరోజు మెథోట్రెక్సేట్ ఉండేవి. ఆ రెండో మందును మా ఇంట్లో "భీమవరం మాత్ర" అనేవాళ్లం. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధన నుంచే అమినోప్టెరిన్ అనే మందు, ఆ వెనుక మెథోట్రెక్సేట్ వచ్చాయి. అమినోప్టెరిన్ ఇచ్చిన లుకేమియా పిల్లల్లో కొందరికి జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టిందని అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. ఆదివారం వచ్చేసరికి నేను మొహం చిట్లిస్తే, "గోదావరి వాళ్ల మర్యాద, మింగకపోతే ఊరుకోరు" అని మా ఆవిడ గుప్పెడు మాత్రలు చేతిలో పోసేది. ఒక్క హెచ్చరిక: అది వారానికి ఒకసారి మందు, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని క్యాలెండర్‌లో ఆదివారాల పక్కన చేప బొమ్మ గీసుకునేవాళ్లం.

జవాబు – విశ్రాంత నర్సు, గుంటూరు

నవ్వుకు నేను అడ్డు చెప్పను కానీ, వార్డులో పనిచేసినన్నాళ్లూ హాస్యం చాటున దాగిన జ్వరాలను చూశాను. కౌంట్లు, అంటే రక్తకణాల సంఖ్య, పడిపోయినప్పుడు జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే అది అత్యవసర పరిస్థితి. పోరాడే తెల్లకణాలు లేనందువల్ల చీము పట్టడం, వాపు రావడం వంటి గుర్తులు సరిగా కనిపించవు. ఒక్కోసారి జ్వరం ఒక్కటే ఇన్‌ఫెక్షన్ ఉందని చెబుతుంది. ఒక కుర్రవాడు "బెజవాడ ఎండ ఒంటికి పట్టింది" అని ఇంట్లోవాళ్లను నవ్వించి, పారాసిటమాల్ వేసుకుని పడుకున్నాడు. తెల్లవారి తీసుకువచ్చేసరికి రక్తపోటు పడిపోయింది. బతికాడు, కానీ తొమ్మిది రోజులు ఐసీయూలో ఉన్నాడు. జ్వరం వస్తే మాత్ర వేసి చూద్దామనుకోకుండా, ఏ వేళైనా ముందు ఆసుపత్రికి ఫోన్ చేయండి. మీ తమ్ముడు ఎన్ని టిక్కీలైనా లెక్కపెట్టుకోనివ్వండి, థర్మామీటరు మాత్రం మీ చేతిలో ఉండాలి.

జవాబు – పటమట నుంచి ఒక పాఠకురాలు

నా అనుభవం కొంచెం వేరు. చికిత్స మొదట్లో నేను కూడా జోకులు వేశాను. అందరూ "ఎంత ధైర్యవంతురాలివి" అని మెచ్చుకోవడం మొదలుపెట్టేసరికి ఆ తరవాత ఏడవడానికి వీల్లేకుండా పోయింది. వచ్చిన ప్రతి చుట్టాన్నీ నవ్వించి పంపడం నా ఉద్యోగమైంది. విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు వల్ల వేళ్లు మొద్దుబారి జాకెట్టు హుక్కు పెట్టుకోలేకపోయిన రోజున కూడా మరిదిగారు నా బోడిగుండు మీద పాత జోకే వేశారు. నా గుండు మీద నేను వేసుకోవచ్చు, ఆయన వేయకూడదు. కాబట్టి మీ తమ్ముడు మొదలుపెడితే అందుకోండి, మీరై మొదలుపెట్టకండి. ఏదో ఒక రోజు వాడు టిక్కీల ఊసు ఎత్తకపోతే, దాన్ని గుర్తుచేయకుండా పక్కన కూర్చోండి. అన్నట్టు, మీ అమ్మగారిని వంటింట్లో ఒంటరిగా వదలకండి.

బ్రాడీపేట అక్క

అందరికీ నమస్కారాలు. మొన్న రాత్రి ఒంటిగంటకు వాడే నన్ను లేపి, వేళాకోళమేమీ లేకుండా, "అక్కా, చలిగా ఉంది" అన్నాడు. చూస్తే 100.8. అరగంటలో ఆసుపత్రికి చేరాం, యాంటీబయాటిక్ ఎక్కించారు. నిన్న జ్వరం తగ్గింది. ఈ ఉదయం కాగితం నేను చూసి దిండు కింద పెట్టి ఊరుకున్నాను. కాసేపటికి వాడే, "ఏమే, యార్డుకు సెలవా?" అన్నాడు.