చైనా పార్టులు, ఏర్పేడు షెడ్డు: ఈ వీధిదీపం ఏ దేశానిది?

ఏర్పేడు యూనిట్:
గ్రూపులో అందరికీ నమస్కారం. వస్తువు 90 వాట్ల ఎల్‌ఈడీ వీధిదీపం. ఎల్‌ఈడీలు అతికించిన మాడ్యూల్, డ్రైవర్ (కరెంటును ఎల్‌ఈడీకి తగ్గట్టు మార్చేది), సర్జ్ ప్రొటెక్టర్ (వోల్టేజ్ ఎగిరితే కాపాడేది), లెన్స్ చైనా నుంచి చెన్నై పోర్టుకు వస్తాయి. అల్యూమినియం బాడీ కోయంబత్తూరు కాస్టింగ్. గాజు, గాస్కెట్, వైరు, అట్టపెట్టె మనవే. బిగింపు, హై వోల్టేజ్ టెస్ట్, ఏజింగ్ (గంటల తరబడి వెలిగించి చూడడం), నీళ్ల టెస్ట్ అంతా మా షెడ్డులోనే. టెండర్‌లో ‘కంట్రీ ఆఫ్ ఆరిజిన్’ గడిలో ఇండియా అని రాయొచ్చా? ఒక ఆడిటర్ రాయమంటాడు, ఇంకొకాయన వద్దంటాడు.

సోల్డర్ పొగ:
రాయకూడదు. వెలిగేది చైనాది, వెలిగించేది చైనాది. మిగిలింది డబ్బా. థర్మల్ పేస్ట్ పూసి ఎం3 స్క్రూలు బిగిస్తే తయారీ అయిపోతుందా?

పుత్తూరు పిల్లోడు:
పిండి బయట కొని ఇడ్లీ పోస్తే ఆ ఇడ్లీ ఎవరిది సామీ?

బిల్ ఆఫ్ ఎంట్రీ:
ముందు ఒకటి చెప్పన్నా. పార్టులన్నీ ఒకే కన్‌సైన్‌మెంట్‌లో, ఒకే బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతికి కస్టమ్స్‌లో వేసే పత్రం) మీద వస్తున్నాయా, వేర్వేరుగానా? కస్టమ్స్ టారిఫ్ సూత్రాల్లో 2(ఏ) అని ఒకటుంది. విప్పి తెచ్చినా, ఒకటి రెండు భాగాలు తక్కువైనా, పూర్తి వస్తువు ముఖ్య లక్షణం అందులో ఉంటే పూర్తి వస్తువు కిందే లెక్క. అట్లా కిట్‌గా తెస్తే అది పోర్టులో దిగేటప్పటికే టారిఫ్ కోడ్ 9405 42, ఎల్‌ఈడీ దీపం. నువ్వు బిగించినాక కూడా 9405 42. ఏం మారింది? విడివిడిగా వస్తే డ్రైవర్ 8504 40, మాడ్యూల్ 8539 51. అప్పుడు మారినట్టు.

కాస్ట్ షీట్:
టెండర్ గురించి అడిగితే పోర్టు గురించి చెప్తున్నారు సార్. ఒకే దీపానికి ఒక్కో పనికి ఒక్కో లెక్క. ఆసియాన్ ఒప్పందం కింద థాయ్‌లాండ్‌కో మలేషియాకో పంపాలంటే మీరన్న కోడ్ మార్పు కావాలి, సబ్ హెడింగ్ (ఆరంకెల కోడ్) స్థాయిలో. దాంతోపాటు ఎఫ్‌ఓబీ విలువలో (ఓడ ఎక్కేటప్పటి ధరలో) 35 శాతం ఒప్పంద దేశాలదై ఉండాలి. అంగట్లో అమ్మే డబ్బా మీద ఏ దేశానిదో వేయడం లీగల్ మెట్రాలజీ కింద దిగుమతి సరుకుకు వర్తించే నిబంధన.

టెండర్‌కు మాత్రం 2017 మేక్ ఇన్ ఇండియా కొనుగోలు ఆర్డర్ చూడాలి. అందులో గడి నింపడం కాదు, లోకల్ కంటెంట్ (ధరలో మన దేశంలో చేరిన విలువ) శాతం చెప్పాలి. 50 శాతం, ఆపైన క్లాస్ 1. 20 నుంచి 50 లోపు క్లాస్ 2. ఇది కేంద్ర సంస్థలకూ, కేంద్రం డబ్బు కలిసిన పథకాలకూ. 5 లక్షల లోపు కొనుగోలుకు లేదు. పూర్తిగా సొంత నిధులతో మున్సిపాలిటీ పిలిచిన టెండరైతే కాగితంలో ఈ షరతు పెట్టారా లేదా చదువుకోండి. మీ ధరలు పెట్టండి, లెక్క వేస్తాను.

ఏర్పేడు యూనిట్:
జీఎస్‌టీ లేకుండా అమ్మకం 2,400 అనుకోండి. డ్యూటీతో కలిపి మాడ్యూల్ 520, డ్రైవర్ 610, సర్జ్ 110, లెన్స్ 130. బాడీ 480. గాజు, గాస్కెట్, వైరు 120. పెట్టె 30. కూలి, కరెంటు, టెస్టింగ్ 180. మిగులు 220.

కాస్ట్ షీట్:
దిగుమతి 1,370. 2,400లోంచి తీస్తే 1,030. 42.9 శాతం, క్లాస్ 2. మిగులు కూడా లోకల్ కిందికే వస్తుంది, ఎందుకంటే ఆర్డర్ ప్రకారం మొత్తం విలువలోంచి దిగుమతి విలువను డ్యూటీలతో సహా తీసేయడమే లెక్క. మీ వస్తువును చూసే కేంద్ర శాఖ (నోడల్ శాఖ) విడిగా పద్ధతి ఇచ్చి ఉంటే అదే చెల్లుతుంది, చూసుకోండి. రవాణా, ఇన్‌స్టలేషన్, మెయింటెనెన్స్ ఖర్చులు కలిపి శాతం పెంచుకోవడం కుదరదు.

ఏర్పేడు యూనిట్:
డ్రైవర్ నేరుగా తెప్పించకుండా చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొంటే? 640కి జీఎస్‌టీ బిల్లు ఇస్తారు. నా పుస్తకాల్లో అది దిగుమతి కాదు గదా. దిగుమతి 760కి దిగుతుంది, 68 శాతం వస్తుంది.

సోల్డర్ పొగ:
ఇదిగో, ఇదే! బిల్లు మీద చెన్నై అడ్రస్ ఉంటే డ్రైవర్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ చింతాద్రిపేటలో చుట్టినట్టా?

కాస్ట్ షీట్:
ఆ దారి మూసేశారు. 2024 జులై 19న సవరించిన ఆర్డర్‌లో డీలర్ల దగ్గర కొన్న దిగుమతి వస్తువులను లోకల్ లెక్కలోంచి తీసేశారు. కొత్త లేబుల్ వేసి అమ్మే దిగుమతి సరుకూ అంతే. 10 కోట్లు దాటిన కొనుగోలుకు ఆడిటర్ సర్టిఫికెట్ కావాలి, అంతకు లోపల మీ సొంత డిక్లరేషన్ చాలు. అది తప్పని తేలితే రెండేళ్ల దాకా పక్కన పెట్టొచ్చు.

చిత్తూరు చింతచెట్టు:
బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నంబరు మన ఫ్యాక్టరీ అడ్రస్ మీదే ఉంది గదా, అది చాలదా?

కాస్ట్ షీట్:
చాలదు. అది ఈ ఫ్యాక్టరీ నుంచి వచ్చే దీపం భద్రతా ప్రమాణానికి సరిపోతోందని చెప్తుంది. చైనాలోని ఫ్యాక్టరీలకు కూడా బీఐఎస్ నంబర్లున్నాయి.

బిల్ ఆఫ్ ఎంట్రీ:
బిల్ ఆఫ్ ఎంట్రీ ఒకటా రెండా అని అడిగితే ఇంతవరకు జవాబు లేదు. బిగింపు ఒక్కటే చాలదని ఊరికే అనడంలేదు. 2016లో అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కోర్టులో ఎనర్జైజర్ టార్చిలైట్ కేసు నడిచింది. దాదాపు 50 భాగాలు, రెండు తప్ప అన్నీ చైనావి, బిగించేది అమెరికాలో. ప్రభుత్వ కొనుగోళ్లకు దాన్ని అమెరికా సరుకుగా ఒప్పుకోవాలని కంపెనీ అడిగింది. భాగాలు వచ్చేటప్పటికే టార్చిలైట్ కోసమే చేసినవి, బిగించినాక పేరూ గుణమూ వాడకమూ కొత్తగా మారలేదని కోర్టు కొట్టేసింది.

ఏర్పేడు యూనిట్:
అమెరికా కోర్టు ఏర్పేడులో ఎందుకన్నా? అందరూ స్క్రూ బిగింపు, స్క్రూ బిగింపు అంటుండారు. మాడ్యూల్ కింద పేస్ట్ మందంగా పడితే వేడి బాడీకి దిగదు. గాలి బుడగ మిగిలిన చోట ఎల్‌ఈడీలు ముందు మసకబారతాయి. స్క్రూలు ఒక పక్క నుంచి వరసగా బిగిస్తే బోర్డు వంగుతుంది, ఎదురెదురు మూలలు పట్టుకుంటూ రావాల. గాస్కెట్ గాడిలో కూర్చోకపోతే తొలి వానకే గాజు లోపల ఆవిరి. వేడిగా ఉన్న దీపం మీద వాన పడితే లోపలి గాలి కుంచించుకుపోయి తేమను లాగేస్తుంది. దీనికి చేయి తిరిగిన మనుషులు కావాల. అది పని కాదా?

సోల్డర్ పొగ:
పని కాదని ఎవరన్నారు? ఆ మాడ్యూల్ ఇక్కడ చేయడం ఎంత పనో కూడా చెప్పు. స్టెన్సిల్‌తో టంకం పేస్ట్ ప్రింట్, మెషిన్‌తో ఎల్‌ఈడీలు పెట్టే పిక్ అండ్ ప్లేస్, వేడితో టంకం కరిగించే రీఫ్లో. సీసం లేని ఎస్‌ఏసీ 305 పేస్ట్ 217 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పీక్ 240-245కి తీసుకుపోవాల. మామూలు బోర్డుకు పెట్టిన ప్రొఫైల్ అల్యూమినియం బోర్డుకు పనికిరాదు, అది వేడంతా లాగేసుకుంటుంది. బెల్ట్ వేగం తగ్గించాల. లేకుంటే ప్యాడ్ కింద టంకం సరిగా పారక ఖాళీలు మిగిలి ఆ ఎల్‌ఈడీ వేడెక్కి చస్తుంది.

ఇవన్నీ చేసి, డ్రైవర్ కూడా ఇక్కడే చేసి, ఒక టెండర్‌లో మేము 2,560కి కోట్ చేసినాం. దిగుమతి 720, లోకల్ 71.9 శాతం. అందులోనే 2,400 వేసిన ఇంకొకాయన డ్రైవర్ మీది చైనా స్టిక్కర్ పీకి తన స్టిక్కర్ అతికించి క్లాస్ 1 అని డిక్లరేషన్ ఇచ్చినాడు. ఆర్డర్ మొత్తం ఆయనకే పోయింది.

పుత్తూరు పిల్లోడు:
అదీ అసలు కడుపుమంట 🙏

కాస్ట్ షీట్:
కడుపుమంటైనా పాయింట్ ఉంది. అతి తక్కువ ధర వేసినాయన క్లాస్ 1 అయితే మొత్తం ఆర్డర్ ఆయనదే. క్లాస్ 2 అని నిజం రాసుంటే, పంచదగ్గ సరుకులో సగమే ఆయనకు. మిగతా సగానికి 20 శాతం తేడా లోపలున్న క్లాస్ 1 బిడ్డర్‌ను ఆ ధరకు ఇస్తావా అని అడుగుతారు. 2,400 మీద 160 అంటే 6.7 శాతమే. కాకపోతే 2,400కే ఇవ్వాలి, ఆ 160 మీరు వదులుకోవాలి.

ఏర్పేడు వాళ్లకు ఇంకో దారి. డ్రైవర్ ముట్టుకోవద్దు. మాడ్యూల్ బదులు ఎల్‌ఈడీలు విడిగా తెప్పించండి, దీపానికి 210 అనుకుందాం. బోర్డు ఇక్కడ కొని, దాని మీద మెషిన్‌తో ఎల్‌ఈడీలు అతికించే ఎస్‌ఎమ్‌టీ జాబ్‌వర్క్ చేయించండి. ధర 2,440 అయినా దిగుమతి 1,060కి దిగుతుంది, 56.6 శాతం. అయితే బోర్డు తయారుచేసేవాళ్లు వాడే అల్యూమినియం లామినేట్ బయటిదైతే అదీ దిగుమతే. దానికి 110 కలిపితే 52 శాతం. బోర్డు సప్లయర్ దగ్గర డిక్లరేషన్ రాతపూర్వకంగా తీసుకోండి. డాలర్ పెరిగి దిగుమతి ఖర్చు 5 శాతం ఎక్కితే 49.7కి పడిపోతారు. బిడ్ రోజు రేటుతో కాదు, సరుకు దింపే రోజు రేటుతో లెక్కేసుకోవాలి.

సోల్డర్ పొగ:
బాగుంది సార్. డ్రైవర్ చైనాది, దాని డిజైన్ చైనాది, రేపు అది కాలిపోతే విప్పి చూసే మనిషి కూడా ఇక్కడ లేడు. అయినా క్లాస్ 1. డ్రైవర్ నేనే చేస్తా, నేనూ క్లాస్ 1. ఇంక నేను చేయడం ఎందుకు? దొంగ డిక్లరేషన్ల కంటే ఇదే నాకు ఎక్కువ మంట. 52కూ 72కూ తేడా లేకుంటే ఎవడైనా 52 దగ్గరే ఆగుతాడు.

ఏర్పేడు యూనిట్:
ఆగుతాం. ఎస్‌ఎమ్‌టీ లైన్ పెట్టేంత డబ్బు ఉంటే ఇక్కడికొచ్చి ఎందుకు అడుగుతా? బిగింపుతో మొదలుపెట్టినోడే ఆర్డర్లు నిలిచినాక లైన్ పెడతాడు. మొదటిరోజే 72 తెమ్మంటే మెషిన్లున్నోడు ఒక్కడే మిగులుతాడు. నీక్కావాల్సింది అదే కదా?

సోల్డర్ పొగ:
లైన్ లేకుంటే జాబ్‌వర్క్ ఇయ్యి. ఎల్‌ఈడీలు చుట్టి వచ్చే రీళ్లు, బోర్డులు నువ్వే పంపాల, స్టెన్సిల్ ఖర్చు నీదే. ఎల్‌ఈడీ రీళ్లు సీల్ విప్పకుండా పంపు. తేమ పట్టిన రీలు రీఫ్లోలో పగిలితే నా మీద వేయొద్దు. రేటు ఇన్‌బాక్స్‌లో పెడతా. డ్రైవర్ విషయంలో నా మాట మారదు.

బిల్ ఆఫ్ ఎంట్రీ:
ఇన్‌బాక్స్‌కు పోయే ముందు చెప్పిపోండి. ఎల్‌ఈడీ రీళ్లు, డ్రైవర్లు ఒకే సప్లయర్ నుంచా? ఒకే బిల్ ఆఫ్ ఎంట్రీనా, రెండా?